ఆర్‌ఓటీసీ స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూ ఎక్కడ ఇవ్వాలి? మూడు దారులూ చూసిన ఒక తండ్రి సమీక్ష

హాల్ టికెట్ మీద ఏ పరీక్షా కేంద్రం అచ్చయి వస్తే ఆ ఊరికి ముందురోజే బస్సెక్కి, బంధువుల ఇంట్లో పడుకొని, తెల్లవారి పరీక్ష రాసి వచ్చిన తరం మాది. ఎక్కడ రాస్తావని మమ్మల్ని అడిగినవారు లేరు. అడిగినా ఏం చెప్పాలో మాకు తెలిసేది కాదు. అందుకే మా అమ్మాయి హైస్కూలు చివరి సంవత్సరం మొదట్లో అమెరికా సైన్యపు ఆర్‌ఓటీసీ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టి, "నాన్నా, ఇంటర్వ్యూ ఏ కాలేజీలో ఇవ్వాలో మనమే తేల్చుకోవాలట" అన్నప్పుడు నేను మొదట నమ్మలేదు. దరఖాస్తు పత్రాలన్నీ స్వయంగా చదివిన తరువాత గాని అది నిజమని తేలలేదు. ఆర్మీ ఆర్‌ఓటీసీ శాఖ ఉన్న ఏ విశ్వవిద్యాలయానికైనా అభ్యర్థే ఫోను చేసి, సమయం అడిగి, అక్కడికి వెళ్ళి ఇంటర్వ్యూ ఇవ్వవచ్చు. ఆ విశ్వవిద్యాలయం తాను చేరదలచిన కళాశాలల జాబితాలో ఉండాలన్న నియమం కూడా లేదు. ఈ వెసులుబాటు మంచిదో, తలనొప్పో తేల్చుకోవడానికి మాకు మూడు నెలలు పట్టింది. ఇంటి దగ్గరి శాఖ, పిల్ల కోరుకున్న కళాశాల శాఖ, వీడియో కాల్ అనే మూడు మార్గాలనూ చూసిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

విషయం కొత్తవారి కోసం క్లుప్తంగా చెప్పవలసినది కొంత ఉన్నది. ఆర్‌ఓటీసీ అంటే రిజర్వ్ ఆఫీసర్స్ ట్రైనింగ్ కోర్. 1916 నాటి జాతీయ రక్షణ చట్టంతో రూపుదిద్దుకున్న ఈ ఏర్పాటులో విద్యార్థి మామూలు విశ్వవిద్యాలయంలో తనకు నచ్చిన డిగ్రీ చదువుతూనే సైనిక శిక్షణ పొంది, పట్టా అందుకునే వేళకు సెకండ్ లెఫ్టినెంట్ అనే తొలి మెట్టు అధికారి అవుతాడు. స్కాలర్‌షిప్ వచ్చినవారికి ట్యూషన్, తప్పనిసరి ఫీజులు గాని, వాటికి బదులుగా ఒక పరిమితి వరకు వసతి భోజనాల ఖర్చు గాని సైన్యం భరిస్తుంది. పుస్తకాలకు ఏడాదికి 1,200 డాలర్లు, చదువు సాగే నెలల్లో నెలకు 420 డాలర్ల భత్యం వేరుగా ఇస్తుంది. బదులుగా మొత్తం ఎనిమిదేళ్ళ సేవకు ఒప్పుకోవాలి. సాధారణంగా అందులో నాలుగేళ్ళు పూర్తికాలపు ఉద్యోగం, మిగిలినవి రిజర్వు జాబితాలో ఉండే సంవత్సరాలు. అభ్యర్థి అమెరికా పౌరసత్వం కలిగి ఉండాలి. గ్రీన్‌కార్డు చాలదు, తల్లిదండ్రుల ఉద్యోగ వీసాను ఆధారం చేసుకొని ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకు ఈ తలుపు తెరుచుకోదు. మరొక మాట కూడా మనవాళ్ళు ముందే తెలుసుకోవాలి: విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవారికి, పనిచేసి విరమించినవారికి ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే గుర్తింపు, పొందే అర్హత లేదని భారత ప్రభుత్వ నిబంధన. ఇండియాలో ఉన్న మా అమ్మకు డబ్బు సంగతి కంటే ఈ సంగతే ఎక్కువ బాధ కలిగించింది.

ఇక ఇంటర్వ్యూకు ఉన్న బరువు ఎంత? మేము సమాచారం సేకరిస్తున్నప్పుడు దొరికిన పాత లెక్కలో మొత్తం 1,400 మార్కులు ఉన్నాయి. కళాశాల ప్రవేశానికి రాసే ఎస్‌ఏటీ లేదా ఏసీటీ పరీక్షకు 250, నేపథ్యం గురించిన ఆన్‌లైన్ ప్రశ్నావళికి 250, చదువులోను ఆటల్లోను నాయకత్వంలోను చూపిన ప్రతిభకు 200, దేహదారుఢ్య పరీక్షకు 150, ఇంటర్వ్యూకు 200, చివర దరఖాస్తును మొత్తంగా చూసే బోర్డు చేతిలో 350. నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక ఈ అంకెలను శిలాశాసనంగా తీసుకోరాదు. కాని వాటిలోని ఒక నిజం మారదు. ఎస్‌ఏటీ మార్కులు సెప్టెంబరు నాటికే దాదాపు ఖరారై ఉంటాయి, నాలుగేళ్ళ హైస్కూలు చరిత్రను వెనక్కి వెళ్ళి దిద్దలేము, బోర్డు సభ్యులను కలవనే కలవము. ఆ దశలో అభ్యర్థి ఇంకా మలచుకోగలిగినవి రెండే: దేహదారుఢ్య పరీక్ష, ఇంటర్వ్యూ. పైగా బోర్డు ముందుకు వెళ్ళే కాగితాలలో అభ్యర్థిని కళ్ళారా చూసిన సైనికాధికారి రాసిన అభిప్రాయం ఇంటర్వ్యూ పత్రంలోనే ఉంటుంది.

ఇంటర్వ్యూ చేసేది ఆ శాఖ అధిపతి అయిన ప్రొఫెసర్ ఆఫ్ మిలిటరీ సైన్స్, లేదా ఆయన నియమించిన మరొక అధికారి. ఈ పదవిలో ఉండేది చాలావరకు లెఫ్టినెంట్ కర్నల్ హోదా కలవారు. ఆయన వేసే మార్కులు కెంటకీ రాష్ట్రంలోని ఫోర్ట్ నాక్స్‌లో ఉన్న, ఆర్మీ ఆర్‌ఓటీసీని నడిపే కేడెట్ కమాండ్‌కు వెళ్తాయి, నిర్ణయం అక్కడి బోర్డుది. కాబట్టి ఎక్కడ ఇచ్చినా ఒకటే, ఇంటి పక్కన ఇచ్చి రావడమే తెలివైన పని అని కొందరు వాదిస్తారు. చేరబోయే కళాశాలలోనే ఇవ్వాలి, అక్కడివారికి ముఖం గుర్తుండాలి అని మరికొందరు అంటారు. రెండు వాదాలలోను సగం సగం నిజం ఉన్నదని, ఆ సగాలు ఎక్కడ అతుక్కుంటాయో మాత్రం ఎవరూ చెప్పరని నాకు అనిపించింది.

మొదట ఇంటికి దగ్గరలో, కారులో అరగంట దూరంలో ఉన్న విశ్వవిద్యాలయపు శాఖకు వెళ్ళాము. దాని పేరు చెప్పను, ఎందుకంటే నేను చెప్పబోయేవి అన్నీ పొగడ్తలు కావు. ఫోను చేసిన నాలుగవ రోజుకే సమయం దొరికింది. పాఠశాల ముగిశాక వెళ్ళి, రాత్రి భోజనం వేళకు ఇంటికి తిరిగి రాగలగడం చిన్న సుఖం కాదు. తరగతి పోదు, హోటలు ఖర్చు ఉండదు, పిల్ల అలసిపోదు. ఆ భవనం ఒక పాత వ్యాయామశాల వెనుక ఉన్నది, గోడల మీద గత సంవత్సరాల కేడెట్ల ఫోటోలు ఉన్నాయి. అయితే మేము కూర్చున్న ఇరవై నిమిషాలలో మాకు అర్థమైనది ఏమిటంటే, తమ దగ్గర చేరే ఉద్దేశం లేని పిల్లలను ఇంటర్వ్యూ చేయడం అక్కడివారికి ఒక అదనపు పని. అమర్యాద ఏమీ లేదు. కాని మమ్మల్ని పలకరించిన అధికారి మొదటి ప్రశ్నగా, మా విశ్వవిద్యాలయం మీ జాబితాలో ఎన్నవ స్థానంలో ఉన్నదని అడిగాడు. మా అమ్మాయి అబద్ధం చెప్పడం చేతకాక, జాబితాలో లేదని చెప్పింది. ఆయన చిరునవ్వు నవ్వి, ఫరవాలేదు, దేశం మొత్తానికి పని చేయడమే మా ఉద్యోగం అన్నాడు. ఆ నవ్వులో తప్పు లేదు. ఆ తరువాతి సంభాషణలో వెచ్చదనం కూడా లేదు.

అదృష్టవశాత్తు ఆ రోజు మేము ఇంటర్వ్యూ కోసం వెళ్ళలేదు, పరిచయం కోసం వెళ్ళాము. ఈ తేడాను ప్రతి తల్లిదండ్రీ గుర్తుంచుకోవాలి. దరఖాస్తుకు లెక్కలోకి వచ్చే ఇంటర్వ్యూ ఒక్కటే. నచ్చలేదని మరొకచోట మళ్ళీ ఇచ్చి, రెండింటిలో ఎక్కువ మార్కులు తీసుకుందామంటే కుదరదు. అయితే శాఖలను చూసి రావడానికి, కేడెట్లతో మాట్లాడడానికి, అనుమానాలు అడగడానికి ఎవరూ అడ్డు చెప్పరు. ఫోనులో మొదటి మాటగానే, ఇది సమాచారం కోసం మాత్రమేనని, లెక్కలోకి వచ్చే ఇంటర్వ్యూ కాదని స్పష్టంగా చెప్పాలి. మాకు తెలిసిన ఒక కుటుంబం ఈ మాట చెప్పక, చూసి వద్దామని వెళ్ళిన చోట అధికారి కాగితం తీసి మార్కులు వేయడం మొదలుపెట్టగా, పిల్లవాడు టీషర్టులో, ఏ సిద్ధతా లేకుండా తన ఏకైక అవకాశాన్ని వాడేసుకున్నాడు. అందులో శాఖ తప్పు ఎంతో, కుటుంబం తప్పు ఎంతో నేను తేల్చలేను.

ఇంటి దగ్గరి శాఖ మరొక విధంగా చక్కగా ఉపయోగపడింది. దరఖాస్తులో భాగమైన దేహదారుఢ్య పరీక్షలో ఒక నిమిషంలో ఎన్ని కర్ల్-అప్‌లు (వెల్లకిలా పడుకొని నడుము పైకి లేపడం), ఒక నిమిషంలో ఎన్ని పుష్-అప్‌లు, ఒక మైలు పరుగు ఎంత సమయంలో అన్నవి చూస్తారు. దీనిని పాఠశాల వ్యాయామోపాధ్యాయుడు కూడా నిర్వహించి సంతకం చేయవచ్చు. కాని ఆయన సరిగ్గా ఉన్నదని లెక్కపెట్టిన పుష్-అప్‌లలో సగం సైన్యం లెక్కలోకి రావని ఆ శాఖలోని ఒక సార్జెంటు చూపించాడు: చేతులు ఎంత వంగాలి, వీపు ఎలా నిటారుగా ఉండాలి, ఎక్కడ ఆగితే లెక్క ఆగిపోతుంది అన్నవి పావుగంటలో నేర్పాడు. రుసుము లేదు, మొహమాటం లేదు. ఆ పావుగంటకు నేను పూర్తి మార్కులు ఇస్తాను.

రెండవ మార్గం మా అమ్మాయి మనసులో మొదటినుంచి ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం. మా ఇంటి నుంచి ఆరు గంటల ప్రయాణం. అక్కడి నుంచి జవాబు రావడానికి పదకొండు రోజులు పట్టింది, తరువాత వారు ఇచ్చిన తేదీ మరో మూడు వారాల తరువాత. ఇక్కడే క్యాలెండరు చిక్కు వచ్చింది. కేడెట్ కమాండ్ బోర్డు ఒక విద్యాసంవత్సరంలో మూడు సార్లు కూర్చుంటుంది. మొదటిది శరదృతువులో, మిగిలిన రెండు కొత్త సంవత్సరం వచ్చాక. ఇంటర్వ్యూతో సహా దరఖాస్తు పూర్తయితేనే బోర్డు ముందుకు వెళ్తుంది. మొదటి బోర్డులో ఎంపిక కానివారి దరఖాస్తు తరువాతి బోర్డుకు దానంతట అదే వెళ్తుంది. అంటే ముందుగా పూర్తి చేసినవారికి మూడు అవకాశాలు, ఆలస్యం చేసినవారికి రెండో, ఒకటో. దూరపు శాఖ తేదీ కోసం ఎదురుచూస్తూ మొదటి బోర్డును వదులుకోవడం కంటే దగ్గరి శాఖలో ఇంటర్వ్యూ పూర్తి చేసుకోవడమే మేలు కాదా అని నా భార్య అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మాకు దొరికిన తేదీ గడువుకు తొమ్మిది రోజుల ముందు పడింది కాబట్టి బతికిపోయాము. గడువు దాటి ఉంటే ఈ సమీక్ష వేరేగా ఉండేది, ఇంటి దగ్గరి శాఖ పట్ల నా మాటలు ఇంకొంచెం మెత్తగా ఉండేవి.

ముందురోజు సాయంత్రమే వెళ్ళి బస చేశాము. ఉదయం ఆరు గంటలకు కేడెట్ల వ్యాయామం ఉంటుంది, ఇష్టమైతే వచ్చి చూడవచ్చని ఆ శాఖలో కొత్త విద్యార్థుల చేరిక వ్యవహారాలు చూసే రిక్రూటింగ్ ఆపరేషన్స్ ఆఫీసర్ ముందే రాశాడు. చీకట్లో, మంచు కురిసిన గడ్డి మీద అరవైమంది పిల్లలు వరుసలో నిలబడి ఉన్నారు. ముందు నిలబడి పరుగు నడిపించినవాడు మూడవ సంవత్సరం విద్యార్థి. అధికారులు పక్కన నిలబడి చూస్తున్నారే గాని ఒక్క ఆదేశం ఇవ్వలేదు. వ్యాయామం ముగిశాక నలుగురు కేడెట్లు మా అమ్మాయిని తమతో అల్పాహారానికి తీసుకువెళ్ళారు, తల్లిదండ్రులు రానక్కరలేదని మర్యాదగా చెప్పి మరీ. ఆ ముప్పావు గంటలో ఆమె తెలుసుకున్నవి ఏ కరపత్రంలోనూ లేవు: ఇంజనీరింగ్ చదివేవారు లాబ్ వేళలను ఎలా సర్దుకుంటారు, ఏ హాస్టలు మైదానానికి దగ్గర, ఎవరు మొదటి సంవత్సరంలో మానేశారు, ఎందుకు మానేశారు.

ఇంటర్వ్యూ యాభై నిమిషాలు సాగింది. అధికారి కావాలని ఎందుకు అనుకుంటున్నావు, నీ కింద ఉన్నవారు నీ మాట వినని సందర్భం ఏదైనా ఉన్నదా, నీవు ఓడిపోయి మళ్ళీ లేచిన సంగతి చెప్పు, స్కాలర్‌షిప్ రాకపోతే ఏం చేస్తావు అనేవి ప్రశ్నలు. చివరి ప్రశ్న చూడడానికి చిన్నది, కాని స్థలం ఎంపిక ఎందుకు ముఖ్యమో దానిలోనే తెలుస్తుంది. చేరని కళాశాలలో కూర్చున్న అభ్యర్థి దానికి, "వేరేచోట ఆర్‌ఓటీసీలో చేరతాను" అని గాలిలో మాట చెప్పగలదు, అంతే. తాను చేరబోయే చోట కూర్చున్న అభ్యర్థి, "స్కాలర్‌షిప్ లేకపోయినా ఆగస్టులో ఇదే మైదానంలో, పొద్దున చూసిన ఆ వరుసలో నిలబడతాను" అని చెప్పగలదు. మా అమ్మాయి దాదాపు ఇదే మాట చెప్పిందట. వినే అధికారికి రెండవ జవాబులో నమ్మదగినది ఏదో కనిపిస్తుంది, ఎందుకంటే అది ఆయన ముందు చేస్తున్న వాగ్దానం.

దీని వెనుక మరొక లెక్క కూడా ఉన్నది. జాతీయ బోర్డు ఇచ్చే స్కాలర్‌షిప్‌తో కథ ముగియదు. అది రానివారు కళాశాలలో చేరాక, సైనిక శాస్త్రపు తరగతుల్లో కూర్చొని, ఉదయపు వ్యాయామానికి వస్తూ ఉంటే, మిగిలిన సంవత్సరాలకు ఇచ్చే క్యాంపస్ స్కాలర్‌షిప్‌లకు వారి పేర్లను ఆ శాఖ అధిపతే ప్రతిపాదిస్తాడు. ఫోర్ట్ నాక్స్‌లో తలుపు మూసుకున్నా, కళాశాల మైదానంలో కిటికీ ఒకటి తెరిచే ఉంటుంది. ఆ కిటికీ దగ్గర ఉన్న మనిషికి హైస్కూలు రోజుల్లోనే పరిచయం కావడం వల్ల వచ్చే ప్రయోజనం ఇంటి దగ్గరి శాఖలో ఇచ్చిన ఇంటర్వ్యూతో రాదు. నా దృష్టిలో ఆరు గంటల ప్రయాణానికి అసలైన సమర్థన ఇదే, ఆ మార్కుల్లో వచ్చే ఐదూ పదీ తేడా కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. శాఖ అధిపతులు సైన్యపు ఉద్యోగులు; కొన్నేళ్ళకు ఒకసారి బదిలీ అవుతారు. అక్టోబరులో మన పిల్లను మెచ్చుకున్న లెఫ్టినెంట్ కర్నల్ వచ్చే ఆగస్టుకు మరొక రాష్ట్రంలో ఉండవచ్చు. స్థిరంగా ఉండే మనిషి రిక్రూటింగ్ ఆపరేషన్స్ ఆఫీసర్. ఈ ఉద్యోగంలో చాలాచోట్ల సైన్యం నుంచి విరమించిన పౌర ఉద్యోగులు ఉంటారు. దరఖాస్తులో ఏ కాగితం లోపించిందో, విశ్వవిద్యాలయం తన వంతుగా స్కాలర్‌షిప్ విద్యార్థులకు వసతి భోజనాలు ఉచితంగా ఇస్తున్నదో లేదో, ప్రవేశ కార్యాలయంలో ఎవరిని కలవాలో ఆయనకే తెలుసు. ఈ ఉచిత వసతి ఏర్పాటు కొన్ని విశ్వవిద్యాలయాలలో ఉన్నది, కొన్నిటిలో లేదు. ఉన్నచోట అది ఏటా వేల డాలర్ల విలువైనది. మేము దగ్గరి శాఖలో ఈ ప్రశ్న అడిగినప్పుడు తమ విశ్వవిద్యాలయం సంగతి మాత్రమే చెప్పగలమని అన్నారు, అది న్యాయమే.

మూడవ మార్గమైన వీడియో ఇంటర్వ్యూను మేము ఇవ్వలేదు గాని, మా బంధువుల అబ్బాయి ఇచ్చినప్పుడు పక్క గదిలో కూర్చొని ఉన్నాను. కోవిడ్ తరువాత ఇది చాలాచోట్ల మామూలైపోయింది. దూరం, ఖర్చు, తరగతి నష్టం మూడూ పోతాయి. కోరుకున్న కళాశాల అధికారితోనే మాట్లాడవచ్చు కాబట్టి పైకి చూస్తే రెండు మార్గాల మేలూ ఇందులో ఉన్నట్టే కనిపిస్తుంది. కాని ఆ అబ్బాయి నెమ్మదిగా, ఆలోచించి మాట్లాడే స్వభావం కలవాడు. ఎదురుగా కూర్చున్నవారికి అతని మౌనం ఆలోచనగా కనిపిస్తుంది. తెర మీద మాత్రం కనెక్షన్ తెగినట్టు కనిపిస్తుంది. అధికారి రెండు సార్లు, వినిపిస్తున్నదా అని అడిగాడు, ఆ రెండు సార్లూ అబ్బాయి జవాబు మధ్యలో తెగిపోయింది. గలగల మాట్లాడే పిల్లలకు వీడియో చాలు. మాట తక్కువ పిల్లలకు, ముఖ్యంగా పెద్దవారి కళ్ళలోకి నేరుగా చూస్తూ మాట్లాడడం ఇంకా అలవాటు కాని మన ఇళ్ళ పిల్లలకు, ఎదురెదురుగా కూర్చొనే ఇంటర్వ్యూ తప్ప మరొకటి సిఫారసు చేయలేను.

పెద్దల మాట వచ్చింది కనుక చెబుతున్నాను. పెద్దలు ఎదురుగా ఉన్నప్పుడు తన గొప్ప తాను చెప్పుకోరాదని మనం పిల్లలకు చిన్నప్పటినుంచి నూరిపోస్తాము. ఈ ఇంటర్వ్యూలో అడిగేది సరిగ్గా అదే. రోబోటిక్స్ జట్టుకు సారథ్యం వహించిన మా అమ్మాయి, ఇంట్లో చేసిన అభ్యాసంలో ప్రతి వాక్యాన్నీ "మేమందరం కలిసి" అని మొదలుపెట్టేది. నీవేం చేశావు అని మూడు సార్లు అడిగితే గాని "నేను" అన్న మాట రాలేదు. దగ్గరి శాఖకు ముందుగా వెళ్ళి యూనిఫాంలో ఉన్న మనిషి ఎదుట ఒకసారి కూర్చొని రావడం ఈ బిగువు సడలడానికి ఉపయోగపడింది. ఆ సందర్శన ఒక విధంగా పెళ్ళిచూపులకు ముందు జరిగే పరిచయం వంటిది, ఎవరికీ ఏ బాధ్యతా ఉండదు.

అన్ని కళాశాలలకూ సొంత శాఖ ఉండదన్నది మరొక చిక్కు. కొన్ని కళాశాలల విద్యార్థులు పక్కనే ఉన్న పెద్ద విశ్వవిద్యాలయపు శాఖలో శిక్షణ పొందుతారు. అటువంటి కళాశాల మీ పిల్ల మొదటి ఎంపిక అయితే ఇంటర్వ్యూ ఇవ్వవలసింది ఆ పెద్ద విశ్వవిద్యాలయంలోనే, కళాశాల ప్రవేశ కార్యాలయంలో కాదు. వెళ్ళినప్పుడు ఉదయం ఐదున్నరకు ఒక ప్రాంగణం నుంచి మరొక ప్రాంగణానికి ఎలా చేరతారో అడిగి తెలుసుకోవాలి. జాబితాలోని ఒక కళాశాలను మేము ఈ ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబుతోనే తీసేశాము. టెక్సస్ ఏ అండ్ ఎం, వర్జీనియా టెక్, వర్జీనియా మిలిటరీ ఇన్‌స్టిట్యూట్, సిటడెల్, నార్విచ్, యూనివర్సిటీ ఆఫ్ నార్త్ జార్జియా అనే ఆరింటిని సీనియర్ మిలిటరీ కళాశాలలు అంటారు. వాటిలో కేడెట్ జీవితం ఉదయపు వ్యాయామంతో ముగియదు, రోజంతా యూనిఫాంలో, కేడెట్ల దళంలో ఉండవలసి వస్తుంది. వీటిలో ఒకటి మనసులో ఉన్నవారు వీడియోతో సరిపెట్టుకోవద్దు. అక్కడ ఒక పూట గడిపి చూడాలి, ఇంటర్వ్యూ కూడా అక్కడే ఇవ్వాలి.

ఈ వెసులుబాటు ఆర్మీది అని మరచిపోరాదు. వైమానిక దళపు ఆర్‌ఓటీసీలో, నౌకాదళపు ఆర్‌ఓటీసీలో దరఖాస్తులు వేరు, గడువులు వేరు, ఇంటర్వ్యూ ఏర్పాటు చేసే పద్ధతి కూడా వేరు. అభ్యర్థి తనకు నచ్చిన శాఖను వెతుక్కుంటూ వెళ్ళే స్వేచ్ఛ అక్కడ ఇంతగా ఉండదు. ఒకటికి మించి దళాలకు దరఖాస్తు చేసే పిల్లలు ఒకదాని అలవాటును మరొకదానికి అంటగట్టకుండా, ఎవరి సూచనలు వారి దగ్గరే చదువుకోవాలి.

స్కాలర్‌షిప్ వచ్చిన తరువాత స్థలం మార్చుకోవచ్చా అన్న ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. వచ్చే ఉత్తరంలో ఫలానా కళాశాలకు అని ఉంటుంది. మరొక కళాశాలకు మార్చమని అడగవచ్చు, కాని కొత్త కళాశాల శాఖ ఒప్పుకోవాలి, కేడెట్ కమాండ్ అనుమతించాలి, ఆ కళాశాలలో ప్రవేశం మన పిల్ల సొంతంగా తెచ్చుకొని ఉండాలి. జాబితాలో చేరాలని లేని కళాశాలలను లెక్క కోసం నింపరాదన్నది ఇందుకే. ఇంటర్వ్యూ ఎక్కడ ఇచ్చినా, జాబితాలో మొదటి పేరు ఎందుకు మొదటిదో అభ్యర్థి నోటితో చెప్పగలగాలి.

మా సంగతి చెప్పి ముగిస్తాను. మొదటి బోర్డులో మా అమ్మాయి పేరు రాలేదు. ఇంట్లో రెండు వారాలు నిశ్శబ్దం. రెండవ బోర్డులో మూడేళ్ళ స్కాలర్‌షిప్ వచ్చింది, ఆమె కోరుకున్న కళాశాలకే. మూడేళ్ళది అంటే మొదటి సంవత్సరం ఖర్చు మనదే, రెండవ సంవత్సరం నుంచి సైన్యం భరిస్తుంది. ఆ ఉత్తరం వచ్చిన మరునాడు ఆమెకు మొదటగా సందేశం పంపినది ఇంటర్వ్యూ ఇచ్చిన చోటి రిక్రూటింగ్ ఆపరేషన్స్ ఆఫీసర్. మొదటి సంవత్సరానికి విశ్వవిద్యాలయం సొంత నిధి నుంచి ఏదైనా సహాయం దొరుకుతుందేమో ప్రవేశ కార్యాలయాన్ని అడగమని, రాబోయే వైద్య పరీక్షకు పాత రికార్డులు ఇప్పటినుంచే సమకూర్చుకోమని రాశాడు. పదమూడవ పుట్టినరోజు తరువాత ఆస్తమా ఉన్నట్టు రికార్డులో ఉంటే అది అడ్డంకి అవుతుంది, ప్రత్యేక మినహాయింపు కోరవలసి వస్తుంది. మా అమ్మాయి ఇన్‌హేలర్ చివరిసారి వాడినది ఐదవ తరగతిలో. ఆ డాక్టరు ఇప్పుడు ఆ ఊళ్ళో లేడు, కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయో ఈ వారం ఫోన్లు చేసి వెతుకుతున్నాము.